ఉప్పునీటి చుట్టం

ముసురు పట్టిన ఆదివారం. ఉప్పల్ నుంచి నాచారం హెచ్‌ఎంటీ నగర్‌లోని మిత్రుడింటికి వెళ్లాను. హైదరాబాద్‌కు సముద్రం లేదన్న సంగతి అతనికి పట్టదు. సెలవు దొరికితే విశాఖ రైలెక్కుతాడు. రుషికొండ ఒడ్డున సిలిండరు వీపుకు తగిలించుకుని, పడవ అక్కర్లేకుండా నీళ్లలోకి నడిచెళ్లిపోతాడు. రాళ్ల సందుల్లో సీ స్లగ్స్ వెతికి ఫొటోలు తీస్తాడు.

ఆ ఫొటోలు టీవీలో పెట్టాడు. గోరంత జీవి. ఊదారంగు ఒళ్లు, తలమీద రెండు కొమ్ములు, వీపున పూరేకుల్లా విచ్చుకున్న మొప్పలు.

"భలే ఉందే జలగ!" అన్నాను.

నొచ్చుకున్నాడు. "జలగ కాదన్నా, నత్త జాతి. గుల్ల వదిలేసుకుంది, అంతే. ఆ కొమ్ములతోనే వాసన పడుతుంది. వానాకాలం మన గోడల మీద పాకేవి కూడా దీని చుట్టాలే."

ఆపైన చరిత్ర అందుకున్నాడు. 1850లలో విశాఖ తీరాన వాల్టర్ ఇలియట్ దొర వీటిని సేకరించి ఇంగ్లండు పంపాడట. అమరావతి శిల్పాలు తవ్వించిన ఇలియటే. ఆ దొర చెయ్యి పెట్టని చోటు లేదనుకుంటాను. 1864లో ఆల్డర్, హాన్‌కాక్ అనే ఇద్దరు వాటిని వర్ణిస్తూ, ఒకదానికి 'కళింగ ఆర్నేటా' అని పేరు పెట్టారు. మన కళింగమే!

"అది ఇంకా నా కంటపడలేదు. పడినా తాకను. కాలు గట్టిగా ఆడిస్తే ఇసుక లేచి దాని మీద పడుతుంది. అందుకే మెల్లగా ఊపిరి తీస్తూ, కదలకుండా తేలాలి. ఫొటో బాగా రావాలని కొందరు పుల్లతో పక్కకు జరుపుతారు. పాపం కదా! గోరంతదైనా ప్రాణం ప్రాణమే అన్నా." గొంతు వణికింది.

ఇంతలో వంటింటి వెనకనుంచి వాళ్లావిడ కేక. "ఏమండీ, గోడంతా జలగలు!"

లేచి వెళ్లాడు. డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. కాసేపటికి చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏమైంది?"

"ఏం లేదన్నా, జలగలు. ఇంత ఉప్పు చల్లితే చాలు, నీరైపోతాయి." రిమోట్ అందుకుని సోఫాలో కూర్చున్నాడు. "ఇంతకీ ఎంతదాకా చెప్పాను?"

"ప్రాణం ప్రాణమే అన్నదాకా" అన్నాను.