పొదుపు నా పుట్టుకలోనే ఉంది

నన్ను గీసింది ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో, ఎకార్న్ కంప్యూటర్స్ కంపెనీలో. సిలికాన్ మీద అచ్చు వేసింది అమెరికాకు చెందిన వీఎల్ఎస్ఐ టెక్నాలజీ. 1985 ఏప్రిల్ 26న కేంబ్రిడ్జి చేరి, ఆ రోజే పనిలోకి దిగాను. నేనొక ప్రాసెసరు చిప్పును, పేరు ఆర్మ్1. నాకు ఏ ఆదేశాలు అర్థం కావాలో తేల్చింది సోఫీ విల్సన్. వాటికి తగ్గ ఒళ్లు ఇచ్చింది స్టీవ్ ఫర్బర్. నా నమూనాను ఆయన ముందుగా బీబీసీ బేసిక్‌లో రాసి, నడిపి చూసుకున్నాడు.

ఇంటెల్ 386 కూడా ఆ ఏడాదే వచ్చింది. దానిలో 2,75,000 ట్రాన్సిస్టర్లు, నాలో సుమారు 25,000. నా వెనక ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కంపెనీ చేతిలో డబ్బు ఆడటం లేదు. అంత తక్కువమంది పూర్తిచేయగలగాలంటే చిప్పు సాదాగా ఉండక తప్పదు. అందుకే నా ఆదేశాలన్నీ ఒకే పొడవు, 32 బిట్లు. ఒక్కొక్కటి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వెతుక్కోనక్కర్లేదు. 386 వంశంలో ఒక ఆదేశం ఒక బైటు ఉంటే, ఇంకొకటి పదిహేను బైట్ల దాకా పోతుంది. పాత ప్రోగ్రాములను వదిలెయ్యకూడదన్న కట్టుబాటు వాళ్లది. దాన్ని నేను తప్పుపట్టను. ఆ మాట నిలబెట్టుకున్నందుకే లోకమంతా వాళ్లను నమ్మింది.

కరెంటు సంగతికొస్తే, ఫోన్ల కోసమని నన్నెవరూ పొదుపుగా పెంచలేదు. సిరామిక్ ప్యాకేజీ ఖరీదు. ప్లాస్టిక్ చవక, కానీ ఒక వాటు దాటితే ఆ వేడిని తట్టుకోలేదు. చిప్పు ఎంత తింటుందో ముందే కచ్చితంగా లెక్కకట్టే సాధనాలు వాళ్ల దగ్గర లేవు. కాబట్టి అడుగడుగునా చెయ్యి బిగించి గీశారు. తీరా కొలిస్తే ఒక వాటులో పదో వంతు దగ్గర తేలాను.

ఆ కొలిచిన రోజు ముచ్చట చెప్పాలి. ఫర్బర్ నా సప్లయి తీగలో మీటరు పెట్టాడు. నేను ప్రోగ్రాము నడుపుతూనే ఉన్నాను, మీటరు మాత్రం సున్నా చూపిస్తోంది. వెతికితే బోర్డులో లోపం బయటపడింది. నా పవర్ పిన్నుకు కరెంటే అందడం లేదు. పక్క చిప్పులు పంపే సిగ్నళ్లు నా పిన్నుల్లోకి వస్తుంటే, లోపల రక్షణకు పెట్టిన డయోడ్ల గుండా కాస్త విద్యుత్తు ఊరుతోంది. ఆ ఊటతోనే పనిచేస్తున్నాను!

1990 నవంబరులో ఎకార్న్, ఆపిల్, వీఎల్ఎస్ఐ కలిసి మా కోసం వేరే కంపెనీ పెట్టాయి. అది చిప్పులు అమ్మలేదు, డిజైన్ వాడుకునే లైసెన్సు అమ్మింది. మా చిప్పుతో నడిచిన ఆపిల్ చేతి కంప్యూటరు న్యూటన్ ఎక్కువకాలం నిలవలేదు గానీ, ఆ తర్వాత వచ్చిన నోకియా 6110తో మా వంశం జేబుల్లోకి చేరింది. ఇంటెల్ చేతిలోనూ ఎక్స్‌స్కేల్ పేరుతో మావాళ్లు ఉండేవారు. 2006లో ఆ వ్యాపారాన్ని మార్వెల్‌కు అమ్మేసింది. మరుసటి ఏడాదే ఐఫోన్ వచ్చింది, లోపల ఉన్నది మావాడే. ఆ అవకాశం తమ తలుపు తట్టినా వదులుకున్నామని ఇంటెల్ అధిపతి పాల్ ఒటెల్లినీ 2013లో బాహాటంగానే చెప్పాడు. ఆటమ్ చిప్పులతో ఫోన్లలోకి రావాలని చూసిన ఇంటెల్ 2016లో ఆ ప్రయత్నం మానుకుంది.

బల్ల మీది కంప్యూటరు మాత్రం మాకు చాలాకాలం పెద్దగా తలుపు తీయలేదు. 2012లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఆర్‌టీతో వెళ్లాం. జనం ఏళ్ల తరబడి వాడుకున్న ప్రోగ్రాములు దానిమీద నడవలేదు, ఎవరు కొంటారు? 2020 నవంబరులో మా వంశానికి చెందిన ఆపిల్ ఎం1 చిప్పు వచ్చింది. పాత ప్రోగ్రాములను రొసెట్టా 2 అనే ఆపిల్ సాఫ్ట్‌వేర్ మా భాషలోకి మార్చి నడిపింది. ఆ చిప్పు పెట్టిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే లేదు. నాలో వేలల్లో ఉన్న ట్రాన్సిస్టర్లు ఈ మనవడిలో 1,600 కోట్లు. ఆ ఏడాదే జపాన్ ఫుగాకు మా ఆదేశాలతోనే ప్రపంచంలో అత్యంత వేగమైన సూపర్ కంప్యూటరయింది.

ఈ గెలుపంతా నా రక్తంలోంచే వచ్చిందంటే ఒప్పుకోను. ఎం1ను తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ 5 నానోమీటర్ల పద్ధతిలో చేసింది, అప్పటికి ఇంటెల్ ఫ్యాక్టరీలు అక్కడిదాకా రాలేదు. మెమరీని ప్రాసెసరు పక్కనే ఒకే ప్యాకేజీలో పెట్టడం ఇంకో మేలు. 2024లో ఇంటెల్ లూనార్ లేక్ కూడా మెమరీని అలాగే పక్కన చేర్చుకుని బ్యాటరీ ఆదాలో గట్టిగా పోటీకి దిగింది. భారీ ఆటల కోసం పెద్ద గ్రాఫిక్స్ కార్డు బిగించుకునే డెస్క్‌టాపుల్లో ఇప్పటికీ 386 సంతతిదే రాజ్యం. అక్కడ వాటు లెక్క ఎవరూ అడగరు, పాత ఆట నడుస్తుందా లేదా అనే అడుగుతారు. మావాళ్లు ఆ ప్రశ్నకు ఇంకా పూర్తి జవాబు ఇవ్వలేదు.