బానెట్ పండితుడు

పాత కారు నడిరోడ్డున ఆగిపోయి దాని బానెట్ పైకి లేచిన చోటల్లా ఎక్కడి నుంచో ప్రత్యక్షమై, ఎవరూ పిలవకపోయినా లోపలికి తొంగిచూసి, చూసీ చూడకముందే లోపమేమిటో తేల్చి చెప్పే పెద్దమనిషిని బానెట్ పండితుడు అని నిర్వచించవచ్చు. ఇతడు వృత్తిరీత్యా మెకానిక్ కాడు. రిటైరైన హెడ్ క్లర్కో, ఎరువుల కొట్టు యజమానో, కారులోనే ప్రయాణిస్తున్న బావమరిదో అయి ఉంటాడు. చేతికి గ్రీజు అంటనివ్వకుండా, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మెడ కాస్త పక్కకు వంచి ఇంజనును పరికించడం, ఆ పైన పెదవి విరిచి "నేననుకున్నదే" అనడం ఇతని ప్రధాన లక్షణాలు.

ఈ పండితుల్లో మూడు మతాలున్నాయి. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులకు మసి పట్టడమే సకల అనర్థాలకూ మూలమని నమ్మేవాడు ప్లగ్గువాది. వెనక ఊరి బంకులో కల్తీ జరిగిందని వాదించేవాడు పెట్రోలువాది. సెల్ఫ్ మోటారు ఇంజనును గిర్రున తిప్పుతూ బ్యాటరీ భేషుగ్గా ఉందని చాటుతున్నా, బ్యాటరీ డౌనయిందని పట్టుబట్టేవాడు బ్యాటరీవాది. సిద్ధాంతంలో ఎంత విభేదించినా "ఏదీ, ఇంకొక్కసారి సెల్ఫ్ కొట్టు బాబూ" అనే ఆచరణ దగ్గర ముగ్గురూ ఏకమవుతారు. డ్రైవరు మొహమాటానికి పోయి పదే పదే సెల్ఫ్ కొట్టగా, మండని పెట్రోలు లోపల చేరి ప్లగ్గులు తడిసిపోతాయి, బ్యాటరీ నీరసించిపోతుంది. ఆ విధంగా మొదట అబద్ధమైన బ్యాటరీవాది మాట కాసేపటికల్లా నిజమై కూర్చుంటుంది.

నిజానికి పెట్రోలు ఇంజను నడవడానికి గాలి, పెట్రోలు తగిన పాళ్లలో కలిసిన మిశ్రమం, దాన్ని సరైన క్షణంలో అంటించే నిప్పురవ్వ, సిలిండరులో ఆ మిశ్రమాన్ని అదిమిపట్టే ఒత్తిడి అనే మూడు చాలు. అప్పటిదాకా హాయిగా పరుగెత్తిన బండిలో ఒత్తిడి ఉన్నట్టుండి పోవడం అరుదు గనుక, అనుమానించవలసినవి సాధారణంగా పెట్రోలు, కరెంటు అనే రెండే. నిప్పురవ్వకు కారణమైన విద్యుత్తును మెకానిక్కులు కరెంటు అనే అంటారు. బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఆధారంగా రూపొంది 2014 దాకా ఉత్తరపారా కర్మాగారంలో తయారైన అంబాసిడర్ కారును తీసుకుంటే, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో అది ఆగిపోవడానికి ఈ రెండు దారులూ బార్లా తెరిచే ఉంటాయి.

మొదటిది వేపర్ లాక్. ఇంజను వేడికి గొట్టంలోని పెట్రోలు ఆవిరై బుడగలు కట్టడం, ద్రవాన్ని తోడడానికి పుట్టిన పంపు ఆ ఆవిరిని నెట్టలేక చేతులెత్తేయడం, గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటర్ ఎండిపోవడం దీని క్రమం. రెండోది కాయిల్ చెడిపోవడం. బ్యాటరీలోని 12 వోల్టులను వేల వోల్టులకు పెంచే ఈ చుట్టలో తీగ ఎక్కడైనా బలహీనపడితే, వేడెక్కినప్పుడు ఆ చోట సంబంధం తెగి, చల్లారాక మళ్లీ కలుస్తుంది. ఇవి కాక, ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మట్టితో పూడుకుపోయి, పెట్రోలు తగ్గినకొద్దీ లోపల శూన్యం ఏర్పడి పంపు లాగలేకపోవడం అనే చిన్న లోపం కూడా ఉంది. మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పోయి బండి బాగుపడుతుంది.

వేపర్ లాక్, వేడికి తెగే కాయిల్, ఈ రెండూ ఎవరూ ముట్టుకోకపోయినా అరగంటలో వాటంతటవే సర్దుకోగలవు. బానెట్ పండితుడి కీర్తిప్రతిష్ఠలన్నీ ఈ ఒక్క భౌతిక సత్యం మీదే నిలబడి ఉన్నాయి, ఎందుకంటే ఇతని ఉపన్యాసానికి పట్టే సమయం కూడా అరగంటే. ప్లగ్గులు తుడిపించి, కార్బొరేటర్ స్క్రూ అరచుట్టు తిప్పించి, పంపు మీద తడిగుడ్డ వేయించి, చివరికి నలుగురు కూలీలను పోగుచేసి "రెండో గేరులో పెట్టి క్లచ్ వదులు" అంటూ తాను మాత్రం పక్కన నడుస్తూ తోయిస్తాడు. ఇంతలో చల్లారిన ఇంజను దాని మానాన అది అందుకుంటుంది, పండితుడు జనం వైపు తిరిగి "చెప్పానా?" అంటాడు. చెప్పినవి పదకొండు కారణాలు కనుక వాటిలో ఒకటి నిజం కావడంలో వింత లేదు. చేసిన పనులన్నీ ఒకేసారి చేయడం వల్ల, దేనివల్ల బాగుపడిందో మాత్రం ఎవరికీ తెలియదు. అందుకే కంచికచర్లలో కదిలిన బండి నందిగామ చేరకముందే మళ్లీ ఆగుతుంది; అక్కడ మరో మతానికి చెందిన పండితుడు సిద్ధంగా ఉంటాడు.

విజయవాడ ఆటోనగర్‌లో చేయి తిరిగిన మెకానిక్ పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. అతడు ముందుగా అడిగేది "ఆగేముందు జర్కులిచ్చిందా సార్, ఠక్కున ఆగిందా?" అనే ఒక్క ప్రశ్న. కుంటుతూ కుంటుతూ ఆగితే పెట్రోలు మీదికీ, స్విచ్ కట్టేసినట్టు ఆగితే కరెంటు మీదికీ అనుమానం పోతుంది. ఆపైన ఇంజను వేడి మీద ఉండగానే, కాయిల్ నుంచి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు నడిమికి వచ్చే లావు తీగను ఊడదీసి, రబ్బరు పిడి కటింగ్ ప్లేయరుతో పట్టుకుని, దాని కొనను ఇంజను లోహానికి పావు అంగుళం దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టిస్తాడు. నీలి రవ్వ చిటపటమని దూకితే కరెంటు నిర్దోషి. పసుపుగా, పీలగా వచ్చినా, అసలు రాకపోయినా కాయిల్, కండెన్సర్, పాయింట్లు అనే కరెంటు భాగాలు వరుసగా విచారణకు వస్తాయి. ఒకసారి ఒకదాన్నే ముట్టుకుని, దాని ఫలితం చూశాకే రెండోదాని జోలికి పోతాడు గనుక, బండి స్టార్టయ్యేసరికి కారణం కూడా చేతికి చిక్కుతుంది. ఇంత చేసినా అతడి నోట పది మాటలు రావు. జనం దృష్టిలో అతడు పండితుడి ముందు వెలవెలబోవడానికి ఇదే కారణం.

కార్బొరేటర్లు పోయి కంప్యూటరు అదుపులో పెట్రోలు చిమ్మే ఇంజన్లు వచ్చాక ఈ జాతి అంతరిస్తుందని కొందరు ఆశపడ్డారు కానీ, పండితుడు "సెన్సార్ పోయింది" అనే ఒక్క మాట నేర్చుకుని నిక్షేపంగా ఉన్నాడు. పైగా ఇంజను తిరుగుతున్న సంగతిని కంప్యూటరుకు చేరవేసే క్రాంక్ సెన్సార్ కూడా వేడికి మూగబోయి, చల్లారాక మళ్లీ పలికే స్వభావం గలది కావడం ఇతని అదృష్టం.

కాబట్టి పాత కారు గల పాఠకులు చేయవలసింది ఇంతే: బండి ఆగినప్పుడు రోడ్డు పక్కకు తీసి, ఎలా ఆగిందో గుర్తుపెట్టుకుని, ట్యాంకు మూత ఒకసారి తిప్పి చూసి, పని తెలిసిన మనిషి దగ్గరుంటే వేడి చల్లారకముందే కరెంటు పరీక్ష చేయించాలి. ఆ కాసేపూ పండితుణ్ణి గౌరవంగా టీ తేవడానికి పంపడం అన్ని విధాలా శ్రేయస్కరం.