చిరిగితే చెల్లదు: ఒక స్టిక్కరు ఆత్మకథ

నేనొక స్టిక్కరును. చిటికెన వేలి గోరంత ఒళ్లు, వెండిరంగు తొడుగు, వెనక జిగురు. ముఖాన ఇంగ్లీషులో ఒకటే హెచ్చరిక: నన్ను చింపితే వారంటీ చెల్లదు. ఏ ప్రెస్సులో పుట్టానో తెలియదు గానీ, నా బతుకు మొదలైంది కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ఒక కంప్యూటర్ దుకాణంలో. కౌంటర్ సొరుగులో, బిల్లు పుస్తకం కింద, నాలాంటి వాళ్లం షీట్లకు షీట్లు ఉండేవాళ్లం. లాప్‌టాప్ అమ్ముడుపోగానే ఒకణ్ని పీకి, అడుగు మూత స్క్రూ నెత్తిన పెట్టి బొటనవేలితో నొక్కేవారు. ఈ ముక్క గుర్తుంచుకోండి. నన్ను అంటించింది దుకాణం వాళ్లు, తయారుచేసిన కంపెనీ కాదు.

నా వాటాకొచ్చిన లాప్‌టాప్ ఇచ్చోడ అవతలి ఊరి పిల్లది. కరీంనగర్‌లో ఇంజనీరింగ్ చదువుతోంది. పత్తి అమ్మిన పైసలతో తండ్రే వెంట వచ్చి కొనిచ్చాడు. 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. కొనేటప్పుడే అడిగింది పిల్ల: "అన్నా, ఇంకో ర్యామ్ ఏసుకునే జాగ ఉన్నదా?"

"ఉన్నది గని చెల్లె, మేమే ఏస్తం. మీరు ముట్టుకుంటే వారంటీ పోతది," అని నా మీద వేలు పెట్టి చూపించాడు కౌంటర్ మీది మనిషి. ఆయన చెప్పిన ధర బజారు ధరకు దాదాపు రెండింతలు. నాకు మాత్రం ఛాతీ ఉప్పొంగింది. ఇంత లేను, నా పేరు చెప్తే మనుషులు జంకుతున్నారు!

తండ్రి నా వంక చూడనే లేదు. "బిడ్డా, బిల్లు మంచిగ రాయించుకో. సీరియల్ నంబర్ గూడ ఏపియ్యి" అన్నాడు. మొలవని విత్తనాల మీద కొట్లాడిన ఊళ్ల మనిషి ఆయన. కొట్లాటకు పోతే మొదట అడిగేది బిల్లే అని ఆయనకు ఎరుకే. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2012లో తేల్చింది మన రైతుల కేసులోనే, నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద. లాప్‌టాప్ కొన్న ఆయన బిడ్డకూ వర్తించేది వినియోగదారుల రక్షణ చట్టమే. అన్నట్టు, బిల్లు ఇవ్వనంటే అది కూడా ఆ చట్టం 2019 నాటి కొత్త రూపం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే.

పిల్ల తొందరపడలేదు. మొదట వారంటీ పుస్తకం చదివింది. కస్టమర్ చేసిన పనివల్ల కలిగిన నష్టానికి కంపెనీ బాధ్యత లేదని అందులో ఉంది. మూత తెరవద్దని ఎక్కడా లేదు, నా ఊసే లేదు! కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ దొరికింది. ర్యామ్ ఎట్లా మార్చాలో బొమ్మలతో సహా ఉంది. పలచటి మోడళ్లలో కొన్నింటికి ర్యామ్‌ను బోర్డు మీదే టంకం వేసి పెడతారు, వాటికి కొత్తది వేసే దారే లేదు. దీనికి ఖాళీ స్లాట్ ఉంది.

హాస్టల్ గదిలో ఆపరేషన్. స్నేహితురాలు ఫోన్‌లో వీడియో తీస్తోంది. చార్జర్ పీకారు, పూర్తిగా ఆపేశారు. స్క్రూలు కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. ఏది ఎక్కడిదో తెలియడానికి తెల్లకాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, ఆయా చోట్లనే పెట్టింది. నా వంతు వచ్చింది. గోటితో అంచు లేపింది. నా తొడుగు ఆమె వేలికి వచ్చింది, స్క్రూ మీద 'చెల్లదు' అనే ఇంగ్లీషు అక్షరాలు జాలీలా మిగిలాయి. మా జాతి తయారీ అంతే, ఊడదీస్తే గుర్తు మిగలాలి. తొడుగును బిల్లు వెనక అంటించింది. అప్పటినుంచి నేను రెండు చోట్ల ఉన్నాను.

పాత ఏటీఎం కార్డుతో మూత అంచులు విడదీసింది. ఒంట్లోని స్థిర విద్యుత్తు పోవడానికి కిటికీ ఊచ పట్టుకుంది. అందరూ మరిచేది ఒకటుంది, బ్యాటరీ కనెక్టర్ తప్పించడం. అది ముందే చేసింది. ర్యామ్ పలకకున్న గాటును స్లాట్‌లోని బొడిపెకు సరిచూసి, ఏటవాలుగా దూర్చి, కిందికి నొక్కింది. పక్క క్లిప్పులు టిక్కుమన్నాయి. మొదటిసారి ఆన్ చేస్తే స్క్రీన్ కాసేపు నల్లగా ఉండిపోయింది. కొత్త మెమరీని బోర్డు పరిచయం చేసుకుంటోంది. తర్వాత 16 జీబీ కనబడింది. పాత ర్యామ్ తన చోటే ఉంది. కొత్తదానికి దాని కంపెనీ వారంటీ వేరుగా ఉంటుంది.

సెలవులకు ఇంటికి పోయింది. జగిత్యాల, మెట్‌పల్లి, నిర్మల్ మీదుగా బస్సు. అక్కడున్నప్పుడు స్క్రీన్ మీద నిలువున ఆకుపచ్చ గీత పడింది. వారంటీ ఇంకా ఉంది. ఆదిలాబాద్‌లోని సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోతే, ఇంజనీర్ స్క్రీన్ చూడలేదు. మెషీన్ తిప్పి, ఫోన్ టార్చి వేసి, స్క్రూ మీది నన్ను చూశాడు.

"సీల్ పోయింది. వారంటీ రాదు. స్క్రీన్ పైసలు మీవే."

"సార్, ఈ సీల్ ఎవరిది? కంపెనీదా?"

ఆయన జవాబివ్వలేదు. పిల్ల సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసింది. కొత్త ర్యామ్ తీసేసి ఆన్ చేసింది, గీత ఉంది. అక్కడి మానిటర్‌కు హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి చూపించింది, అందులో గీత లేదు. లోపం ర్యామ్‌ది కాదు, ప్యానెల్‌దో దాని కేబుల్‌దో. అప్పుడు అసలు మాట అడిగింది: "వారంటీ ఎందుకు రాదో జాబ్ షీట్ మీద రాసియ్యుండ్రి సార్. ర్యామ్ వల్లనే స్క్రీన్ పోయిందని రాసి సంతకం పెట్టుండ్రి." నోటితో కాదనడం తేలిక, కాగితం మీద కాదనడానికి ఎవరికైనా చెయ్యాడదు.

మన దేశంలో నాలాంటి స్టిక్కర్లను పేరు పెట్టి నిషేధించిన చట్టం లేదు. అమెరికాలో 1975 నాటి వారంటీ చట్టం ఉంది; దాన్ని చూపించి అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018 ఏప్రిల్‌లో ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు రాసింది, మా జాతి రాతల గురించి కూడా. ఇక్కడ దగ్గరగా వచ్చే మాట కార్ల కేసులో ఉంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేస్తూ, బయటి మెకానిక్ ముట్టుకున్నాడని వారంటీ మొత్తం రద్దు చేయకూడదంది. ఆ పనివల్ల జరిగిన నష్టం మేరకే కాదనవచ్చంది. జరిమానా మీద కంపెనీలు పైకి పోయాయి, అది కార్ల సంగతి, లాప్‌టాప్‌లకు నేరుగా అంటదు. కానీ ఆ తర్కంలో న్యాయం లేదని ఎవరంటారు? కేంద్రం కూడా 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, డిసెంబర్‌లో పోర్టల్ తెరిచింది.

అవతలి పక్క కూడా చెప్పాలి. బ్యాటరీ కనెక్టర్ విరిచో, స్క్రూ లోపల పడేసి బోర్డు కాల్చుకునో వారంటీ అడిగితే ఏ వినియోగదారుల కమిషనూ ఒప్పుకోదు. లోపం ఉందని చూపించాల్సింది కూడా మామూలుగా ఫిర్యాదీయే. అవసరమైతే కమిషన్ వస్తువును ల్యాబ్‌కు పంపుతుంది. పిల్ల తీయించిన వీడియో విలువ అక్కడ తెలుస్తుంది.

ఆమె 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేసింది. బిల్లు, వీడియో, గీత ఫొటో జతచేసి కంపెనీకి మెయిల్ పెట్టింది. "కేసంటే కరీంనగర్ తిరగాల్నా?" అని తండ్రి బెంగ. అక్కర్లేదు. 1986 చట్టంలో అమ్మినవాడి చోటో, వ్యవహారం జరిగిన చోటో చూసేవారు. 2020 జూలై 20 నుంచి అమలైన 2019 చట్టంలో కొన్నవాడు ఉండే చోటే కేసు వేయొచ్చు, అంటే ఆదిలాబాద్ జిల్లా కమిషన్‌లోనే. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు.

కేసుదాకా పోలేదు. కంపెనీ ప్యానెల్ ఉచితంగా మార్చింది. అందరికీ ఇంత సులువుగా అవుతుందని నేను చెప్పను. ఆమె దగ్గర కాగితాలున్నాయి, నోరుంది.

మీ లాప్‌టాప్ అడుగున నాలాంటివాడు కనబడితే, అంటించింది ఎవరో ముందు అడగండి. వారంటీ పుస్తకంలో ఆ మాట ఏ పేజీలో ఉందో చూపించమనండి. చూపించలేకపోతే, కాదన్న కారణాన్ని రాయించుకుని 1915కు ఫోన్ చేయండి.