గుండెకాయ అద్దెకు

2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్ కరెంటు కారు 9.99 లక్షలకే వచ్చిందని టముకు వేశారు. అంత చవకెలాగంటే, బ్యాటరీని ధరలోంచి తప్పించారు. దానికి కిలోమీటరుకు 3.50 రూపాయల అద్దె కట్టాలన్నారు. గేదెను అమ్మి పొదుగును అద్దెకిచ్చినట్టు! బ్యాటరీతో కలిపి అప్పటి ధర 13.50 లక్షలు. తేడా మూడున్నర లక్షలు, దాన్ని 3.50తో భాగిస్తే దాదాపు లక్ష కిలోమీటర్లు. అంటే ధర తగ్గలేదు, మీటరెక్కింది.

పెట్రోలుకైతే కిలోమీటరుకు ఏడు రూపాయలు పోవడం లేదా అంటారు. నిజమే, అద్దెకు కరెంటు కలిపినా అంతకంటే తక్కువే, ఇంట్లో ప్లగ్గుంటే. కానీ సెల్లార్లో పాయింటు పెట్టుకోవడానికి అపార్ట్‌మెంటు సంఘం ఒప్పుకోకపోతే రోడ్డుపక్క స్టేషనే గతి. అక్కడ ఛార్జింగ్‌పై జీఎస్టీ 18 శాతం. కారు మీదేమో 5 శాతమే. తెలంగాణ సర్కారైతే 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు టాక్సే వద్దంది. కొనేవాడికి హారతి, నడిపేవాడికి పళ్లెంలో చిల్లర వెయ్యమన్న సైగ! ఈలోగా సొంత గ్యారేజీ ఉన్న విల్లావారు మాత్రం పేదవాడి కారును హాయిగా ఛార్జింగ్‌కు పెట్టి నిద్రపోతున్నారు.