కోడి కూస్తుంది, 'అనదు'

మా మనవరాలికి మూడేళ్ళు. హైదరాబాదులో ఆరో అంతస్తులో ఉంటారు. మొన్న పుట్టినరోజుకి ఎవరో దళసరి అట్టల బొమ్మల పుస్తకం ఇచ్చారు. పేజీకో జంతువు. పక్కనున్న మీట నొక్కితే అది అరుస్తుంది. కింద ఒక్క ముక్క: ఆవు 'మూ' అంటుంది, పంది 'ఓయింక్' అంటుంది, బాతు 'క్వాక్' అంటుంది. అక్షరాలు తెలుగువే. ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదవబోతే నాకు నోరు తిరగలేదు.

మా రోజుల్లో గొడ్డూ గోదా ఏదో ఒకటి 'అనేవి' కావు. కుక్క మొరిగేది, కోడి కూసేది, గాడిద ఓండ్ర పెట్టేది, గుర్రం సకిలించేది, ఎద్దు రంకె వేసేది, దూడ అంబా అని అరిచేది. ఏ నోటికి ఆ మాట మనవాళ్ళు ఏనాడో పెట్టి ఉంచారు. తర్జుమా చేసినవాళ్ళు అన్నింటికీ 'అంటుంది' తగిలించి చేతులు దులుపుకున్నారు. పసిపిల్ల నోట పడాల్సిన అరడజను మాటలు అక్కడే పోయాయి. వాటిని ఆ వయసులో నేర్పకపోతే ఇంకెప్పుడు నేర్పుతాం?

మాది ఒంగోలు దగ్గర పల్లె. ఇంటి వెనక గొడ్ల చావిడి, అందులో రెండు గేదెలు, ఒక జత ఎద్దులు, వాకిట్లో కోళ్ళు. పెట్ట గుడ్డు పెట్టొచ్చి చేసే గోల ఒకటి, గింజ కనపడితే పిల్లల్ని పిలిచే 'కొక్ కొక్' ఒకటి. డేగ నీడ పడితే మాత్రం ఒకే ఒక్క కేక పెట్టేది, పిల్లలన్నీ రెక్కల కిందికి దూరేవి. అమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే "ఒరే, డేగొచ్చింది, చూడు!" అని అరిచేది. సాయంత్రం దూడని వదిలితే అది పొదుగు కుమ్మేది, గేదె ముక్కులోంచి సన్నగా మూలుగుతూ చేపేది. ఆ మూలుగు వినపడ్డాకే అమ్మ చెంబు తీసుకుని పాలు తీయడానికి కూర్చునేది. చదువు రాని మా అమ్మ చెవికి అంత తెలుసు. మేమూ అలా వినే నేర్చుకున్నాం.

ఈ పుస్తకంలో ఆవు చూడండి. నల్ల మచ్చల తెల్లావు, సీమజాతిది. మూపురం లేదు, గంగడోలు లేదు. వెనక ఎర్రరంగు చెక్క కొట్టం. గేదె సంగతి సరేసరి, దానికి పేజీయే లేదు. పొద్దున లేవగానే ఆ పిల్ల తాగేవి గేదె పాలు! మా ఒంగోలు పశువులు ఏనాడో ఓడెక్కి బ్రెజిల్ వెళ్ళాయి. అక్కడ నెల్లూరు పేరుతోనే మందలు మందలుగా పెరుగుతున్నాయి. సముద్రాలు దాటిన జాతికి మన పిల్లల పుస్తకంలో చోటు దొరకలేదు.

బొమ్మలు మాకూ ఉండేవి. 1947 జూలైలో మొదలైన చందమామ కోసం నెలనెలా ఎదురుచూసేవాళ్ళం. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య వేసిన బొమ్మల్లో ఎద్దు మా చావిట్లో ఎద్దులాగే ఉండేది. బొమ్మ చూసి చావిట్లోకి వెళ్ళి పోల్చుకునేవాళ్ళం.

నాకు కడుపు మండిన సంగతి ఇంకోటుంది. బడిలో టీచరు కోడిపుంజు బొమ్మ చూపించి ఎలా కూస్తుందని అడిగారట. పిల్ల 'కొక్కొరోకో' అని చెప్పింది. కాదు, 'కాక్ ఎ డూడిల్ డూ' అనాలన్నారట. ఇంటికొచ్చి "తాతయ్యా, నువ్వు తప్పు చెప్పావు" అంది. తప్పెలా అవుతుంది? కూత ఒకటే, వినే చెవులు వేరు. ఫ్రెంచివాళ్ళు 'కొకొరికో' అంటారు, దాదాపు మనలాగే. ఇంగ్లీషు నేర్పొద్దని నేననను, రెండూ నేర్పండి. కానీ ఇంట్లో తాత నేర్పిన కూత తప్పని పసిదాని చేత అనిపించకండి.

మంచి పుస్తకాలు లేవని కాదు. చెన్నైలో 1996లో పుట్టిన తూలిక తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన వేసిన బొమ్మల పుస్తకాలు తెచ్చింది. ప్రథమ్ బుక్స్ 2015లో తెరిచిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు. వెతికితే దొరుకుతాయి. వెతికే ఓపికే మనకి లేదు. కానుకల దుకాణంలో ముందు కనపడిన మీటల పుస్తకం తెచ్చి పిల్ల చేతిలో పెడతాం. వేసేవాళ్ళకీ ఒక మాట. ఆవుకి మూపురం పెట్టండి, గేదెకి పేజీ ఇవ్వండి, కోడిని కూయనివ్వండి.

నాకు చేతనైంది నేను చేశాను. పెన్సిల్ తీసి ప్రతి బొమ్మ కిందా 'అంటుంది' కొట్టేసి దాని మాట దానికి రాశాను. వెనక అట్ట లోపలి వైపు ఖాళీగా ఉంటే, వంకీ కొమ్ములతో మా నల్ల గేదెని గీశాను. దానికి మీట లేదు కదా, మా అమ్మ విన్న ఆ మూలుగు నేనే మూలిగి వినిపించాను. ఇప్పుడు మా మనవరాలు ఆ పుస్తకం వెనక నుంచి తెరుస్తోంది.