మమ్మల్నీ ఒక ఫ్యాక్టరీ అనుకోండి సారూ

జహీరాబాద్ చుట్టుపక్కల జాగ లేదని ఎవరైనా అంటే నమ్మకండి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పదిహేడు ఊళ్ల మీదుగా సర్కారు ఒక గీత గీసింది. గీత లోపల 12,635 ఎకరాలు తేలాయి. పెట్టుబడుల మండలమని, ఉత్పత్తుల మండలమని దానికి బారెడు పేరుంది గానీ జనం నోట్లో అది 'నిమ్జ్'. అంత జాగ చిటికెలో కనబడింది. కనబడనిదల్లా అరవై గజాలే. టౌన్లో పేదోడికి ఇంటి జాగ కావాలనగానే అధికార్ల కళ్లకు మసకలు కమ్ముతాయి. "ఎక్కడున్నదయ్యా జాగ? ఊరు పెరిగిపోయె" అంటారు. తప్పు పట్టకూడదు. దూరపు చూపు బాగున్నవాళ్లకు దగ్గరిది ఆనకపోవడం వయసుతో వచ్చేదే. మన సర్కార్లకు ఆ వయసు పుట్టుకతోనే వచ్చింది.

నేను లెక్కల మనిషిని కాను. అయినా ఒకసారి వేళ్లు మడిచి చూశాను. ఎకరమంటే 4,840 గజాలు. అందులో సగం రోడ్డుకీ, మోరీకీ, బడికీ, పిల్లలు ఆడుకోవడానికీ వదిలేసినా అరవై గజాల ముక్కలు నలభై వస్తాయి. వెయ్యి కుటుంబాలకు పాతిక ఎకరాలు చాలు. అంటే ఆ గీత లోపల అయిదు వందల ఎకరాలకు ఒక ఎకరం. కూరలో ఉప్పు కూడా అంతకంటే ఎక్కువే పడుతుంది.

ఇక ఇందిరమ్మ ఇళ్లు. 2024 మార్చి 11న భద్రాచలంలో, రాముడు చూస్తుండగా మొదలుపెట్టారు. ఇంటికి 5 లక్షలు, నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. అర్జీలు పెట్టుకున్నవాళ్లను మూడు కుప్పలు పోశారు. సొంత జాగ ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1. జాగ లేక ఇల్లూ లేనివాళ్లు ఎల్-2. తక్కినవాళ్లు ఎల్-3. ముందు వరస ఎల్-1 వాళ్లది. ఏమీ లేనివాడు, కొంచెం లేనివాడి వెనకాల నిలబడాలన్నమాట. అన్నదానం బంతిలో "విస్తరి వెంట తెచ్చుకున్నోళ్లు ముందు కూర్చోండి" అని పిలిచినట్టుంది.

పల్లెలో అయితే తాత కట్టిన మట్టిగోడ కూలిన చోట ఇంత జాగ మిగులుతుంది. టౌన్లో కిరాయి గదిలో బతికిన తాత ఏం మిగిలిస్తాడు? రెండు నెలల బాకీ. మా ఊళ్లో తెలుగు, దక్కనీ, కన్నడం, మరాఠీ నాలుగూ వినబడతాయని పెద్దలు గొప్పగా చెప్పుకుంటారు. "నెలాఖరుకు గది ఖాళీ చెయ్" అన్న మాట నాలుగు భాషల్లోనూ టక్కున అర్థం కావాలంటే మాత్రం రేకుల గదిలో పుట్టి ఉండాలి.

పోనీ జాగ ఉందనుకుందాం. ఎల్-1 వాడి వైభోగమైనా చూద్దాం. మొదటి లక్ష బేస్‌మెంట్ అయ్యాక పడుతుంది. గోడలు లేస్తే ఇంకొంత, స్లాబ్ పడితే మరికొంత, అంతా అయ్యాక ఆఖరి లక్ష. మెట్టు మెట్టుకూ ఫొటో దిగాలి, యాప్‌లో ఎక్కించాలి. మరి ఆ మొదటి బేస్‌మెంట్ దేంతో పోయాలి? ఆ ప్రశ్నకు యాప్‌లో గడి లేదు. జవాబు ఇంటామె మెడలో ఉంది. పుస్తెలతాడు కుదువకు పోతే కంకర వస్తుంది. నూటికి మూడు రూపాయల మిత్తి గుంజే సేటు కూడా ముందు పైసలిచ్చి తర్వాత పీక్కుతింటాడు. సర్కారు ముందు పని చేయించుకుని తర్వాత ఇస్తుంది. పైగా ఇల్లు 600 చదరపు అడుగులు దాటిందా, బిల్లుకు చిక్కే. పేదోడు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడేమోనని పైవాళ్లకు ఒకటే బెంగ. కంపెనీవాడి షెడ్డు ఎంత పెద్దదైతే అంత సంబరం, పేదోడి అర్ర ఎంత చిన్నదైతే అంత పొదుపు.

5 లక్షలు తక్కువ సొమ్మని నేననను. అంతకుముందు గృహలక్ష్మి అని ఒకటి వచ్చింది. అది 3 లక్షలే, అదీ సొంత జాగ ఉంటేనే. సర్కారు మారింది, లక్ష్మి పోయి ఇందిర వచ్చింది. జాగ షరతు మాత్రం ఏ పార్టీలోనూ చేరకుండా, ఏ పార్టీనీ వదలకుండా క్షేమంగా ఉంది.

కుదువ మాట వచ్చింది కాబట్టి నగల సంగతి కూడా చెప్పుకోవాలి. 2024 ఆగస్టు 28న కేంద్ర కేబినెట్ దేశంలో పన్నెండు పారిశ్రామిక స్మార్ట్ సిటీలకు పచ్చజెండా ఊపి, ఇవి స్వర్ణ చతుర్భుజికి 'గ్రాండ్ నెక్లెస్' అవుతాయంది. ఆ నెక్లెస్‌లో జహీరాబాద్ ఒక పూస. 3,245 ఎకరాలు, 2,361 కోట్ల రూపాయల పూస. దేశం మెడకు హారం, ఆడబిడ్డ మెడకు పసుపుతాడు. ఆ పూసకు రెండు సుగుణాలున్నాయట. ఒకటి 'ప్లగ్ అండ్ ప్లే', అంటే కంపెనీ వచ్చేసరికి రోడ్డు, నీళ్లు, కరెంటు అన్నీ సిద్ధం. రెండోది 'వాక్ టు వర్క్', ఇంటి నుంచి పనికి నడిచి వెళ్లొచ్చు. మా అడ్డా కూలీలకు ఇది కొత్త కాదు. తెల్లారి ఆరు గంటలకు భుజాన సంచి వేసుకుని నడిచే వస్తారు. పదింటి దాకా ఎవరూ పిలవకపోతే నడిచే పోతారు. నడకకు లోటు లేదు. ఏ ఇంటి నుంచి నడవాలన్నదే చిన్న చిక్కు.

ఇదే జిల్లాలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ పెట్టిన కాలంలో ఫ్యాక్టరీతో పాటు టౌన్‌షిప్ కూడా కట్టారు. పనిచేసే మనిషికి పెళ్లాం బిడ్డలుంటారన్న అనుమానం అప్పటివాళ్లకు ఎందుకో వచ్చింది. తర్వాత కాంట్రాక్టు కూలీ అనే కొత్త జాతి పుట్టింది. ఈ జాతికి కుటుంబం ఉండదు, షిఫ్టు ఉంటుంది.

ఆ రామచంద్రాపురం మండలంలోనే కొల్లూరు ఉంది. 124 ఎకరాల్లో 117 బ్లాకులు, 15,660 ఇళ్లు. 2023 జూన్ 22న అట్టహాసంగా రిబ్బన్ కత్తిరించారు. 'డిగ్నిటీ హౌసింగ్' అన్నారు. నిజం చెప్పాలి, ఇళ్లు బాగున్నాయి. 560 చదరపు అడుగులు, రెండు పడక గదులు, లిఫ్టు. మరిచిపోయింది ఒక్కటే, బతుకుతెరువు బ్లాకు. పని సిటీలో, పడక కొల్లూరులో. హైదరాబాద్ బస్తీలో ముప్పై ఏళ్లుగా పక్కపక్కన ఉండి, ఒకరి పిల్లల్ని ఒకరు చూసుకుని, చావుకీ పెళ్లికీ చందాలేసుకున్నవాళ్లను కంప్యూటర్ లాటరీ తీసి తలో బ్లాకుకు పంచారు. పాత పొరుగును తొమ్మిదో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ విడదీశాక కమ్యూనిటీ ఎట్లా అని అడిగితే, అదిగో హాలు కట్టిస్తాం కదా అంటారు. సర్కారు నిఘంటువులో కమ్యూనిటీ అంటే షామియానా అక్కర్లేని ఫంక్షన్ హాలు.

జహీరాబాద్ వాళ్లకు ఈ విషయంలో కొంచెం పొగరు ఉండాలి. పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నీడన చుట్టుపక్కల పల్లెల దళిత ఆడవాళ్లు సంఘాలు కట్టారు, పడావు భూములు బాగుచేశారు, జొన్నలూ కొర్రలూ పోగేసి తమ ధాన్యం తామే పంచుకున్నారు. 2008లో మాచునూరులో రేడియో పెట్టి మైకు ముందు కూర్చున్నారు. ముందు మనుషులు కూడారు, కప్పు తర్వాత వచ్చింది. మనవాళ్లు మాత్రం ఎప్పుడూ స్లాబుతో మొదలుపెడతారు.

అసలు ఈ పేదోడు టౌన్‌కు ఎక్కడి నుంచి వచ్చాడు? ఆ గీత లోపలి భూముల్లో ఒకప్పుడు సర్కారే పేదలకు పంచిన అసైన్డ్ భూములున్నాయి. తాతకు ఇచ్చిన చేత్తోనే మనవడి దగ్గర తీసుకోవడం. భూమి ఉన్నవాడికి నష్టపరిహారమైనా వస్తుంది. ఆ భూమిలో కూలి చేసుకునేవాడికి? 2015లో 123 నంబరు జీవో వచ్చింది. అమ్మేవాడూ కొనేవాడూ మాట్లాడుకుంటే చాలంది, కూలీ ఊసే లేదు. ఆ కూలీలే కోర్టుకెక్కితే 2016 ఆగస్టులో హైకోర్టు దాన్ని కొట్టేసింది. చూడండి, అక్కడ భూమి లేదని లెక్కలోకి రాలేదు. టౌన్‌కొచ్చాక జాగ లేదని ఎల్-2లో పడ్డాడు. మధ్యలో 58 నంబరు జీవో ఒకటి ఉంది. సర్కారు జాగలో గుడిసె వేసుకున్న పేదోడికి 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధం చేస్తామన్న జీవో. మంచిదే. కానీ బుద్ధిగా కిరాయి కట్టుకుంటూ సర్కారు జాగ వంక కన్నెత్తి చూడనివాడికి ఏ నంబరు జీవో ఉంది? నిజాయితీకి ఇంకా నంబరు పడలేదు.

పథకాల పేర్లకు మాత్రం కొదవ లేదు. వాంబే, రాజీవ్ ఆవాస్, డబుల్ బెడ్రూం, ప్రధానమంత్రి ఆవాస్, గృహలక్ష్మి, పాత ఇందిరమ్మ, కొత్త ఇందిరమ్మ. ఆలు లేదు చూలు లేదు, కొడుకుల పేర్లు ఏడు. 2015 జూన్‌లో కేంద్రం '2022 నాటికి అందరికీ ఇళ్లు' అంది. 2022 వచ్చింది, పోయింది. అప్పటికీ ఇల్లు లేనివాడు ఎవడైనా మిగిలాడంటే వాడు 'అందరి'లో లేడని అర్థం చేసుకోవాలి.

ఇదంతా చూశాక నాకొక ఉపాయం తట్టింది. మన రాష్ట్రంలో 2014లో ఐపాస్ అని ఒక చట్టం చేశారు. కంపెనీ పెడతానని అర్జీ పెడితే పెద్దదానికి 15 రోజుల్లో, చిన్నదానికి 30 రోజుల్లో అనుమతులివ్వాలి. ఇవ్వకపోతే ఇచ్చినట్టే లెక్క. ఆలస్యం చేసిన అధికారికి జరిమానా వేయించే హక్కు కూడా పారిశ్రామికవేత్తకు ఉంది. మరి పేదోడి అర్జీ? 2023 డిసెంబర్ 28 నుంచి పది రోజులు ప్రజాపాలన అర్జీలు తీసుకున్నారు. జనవరి రెండో వారంలోనే హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద ఆ కాగితాలు గాలికి ఎగురుతూ కనబడ్డాయి. ఇల్లు లేనివాళ్లు వీధిన పడటం పాత కథ. వాళ్ల అర్జీలు కూడా వీధిన పడ్డాయి.

కనుక జహీరాబాద్‌లో ఇల్లు లేని పేదలందరం కలిసి కంపెనీ పెట్టేద్దాం. పేరు 'నిలువనీడ ప్రైవేట్ లిమిటెడ్'. కావలసిన భూమి పాతిక ఎకరాలు. ముడిసరుకు రెక్కలు. ఉత్పత్తులు గోడలు, స్లాబులు, మోరీలు, చెరుకు కోతలు, వేరేవాళ్ల ఇళ్లు. నీటి అవసరం మనిషికి రెండు బిందెలు. కాలుష్యం కింద పొయ్యి పొగ, సాయంత్రం పిల్లల గోల అని రాద్దాం. అడుగుతున్న రాయితీ ఒక్కటే, పెద్ద కంపెనీలతో మాట్లాడేటప్పుడు వేసే కుర్చీ మాకూ వేయాలి. 16వ రోజు పొద్దున్నే అనుమతి వచ్చినట్టే లెక్క కాబట్టి ముగ్గు పోసుకోవచ్చు.

"మీ సరుకుకు మార్కెట్ ఉందా?" అని ఆఫీసర్ అడుగుతాడు. దానికి జవాబు మా తాపీ మేస్త్రీ ముందే తయారుచేసి పెట్టాడు: "సారూ, మీరు కూసున్న ఈ ఆఫీసు మా సరుకే."

మొదటి బోర్డు మీటింగ్ అడ్డా మీదే పెట్టుకున్నాం. చైర్మన్ మేస్త్రీ. సుతారి పనికి వెళ్లే ఒక అక్క ఫైనాన్స్ డైరెక్టర్, ఎందుకంటే కుదువకొట్టు లెక్కలన్నీ ఆమెకే తెలుసు. ఎజెండాలో మొదటి అంశం చదువుతుండగానే డీసీఎం ఒకటి వచ్చి ఆగింది. క్లీనర్ తల బయటపెట్టి అరిచాడు:

"పది మంది కావాలె. నిమ్జ్ దిక్కు. కాంపౌండ్ వాల్ పని. లోపలికి ఎవ్వరూ రాకుంట ఎత్తుగ కట్టాలె."

"కూలి ఎంతిస్తరు?" అంది ఫైనాన్స్ డైరెక్టర్.

అందరికంటే ముందు చైర్మన్ ఎక్కాడు. ఆమె సద్దిగిన్నె పైకి అందించి, కొంగు నడుముకు చుట్టి తానూ ఎక్కింది. కోరం లేక మీటింగ్ వాయిదా పడింది.