మా రోజుల్లో ట్యాంకును పారేసేవాళ్ళం కాదు

మొన్న మా మేనల్లుడు వాళ్ళ నాన్నగారి ఎజ్డీని షెడ్డులోంచి బయటికి తీశాడు. మా బావగారు పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పటి నుంచి ఆ బండి గోనెపట్టాల కిందే ఉంది. మూత తీసి టార్చి వేస్తే ట్యాంకు అడుగంతా ఇటుకపొడి పరిచినట్టుంది. మెకానిక్‌కు చూపిస్తే, "తీసేసి కొత్తది వేద్దాం. కాదంటే లోపల కోటింగ్ పోసేస్తా, గంటలో పని" అన్నాడట.

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. తుప్పు వదలగొట్టకుండా దాని మీద పూత పోస్తే అది దేన్ని పట్టుకుని నిలబడుతుంది? కొన్నాళ్ళకు పెచ్చులు లేచి, ఆ పెచ్చులే పెట్రోల్ కాక్‌లో అడ్డం పడతాయి. ఇక కొత్త ట్యాంకంటారా, మైసూరులో ఎజ్డీ ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. ఇప్పుడు దొరికేవి డూప్లికేట్లు. నేను చేత్తో పట్టి చూసినవాటిలో ఒక్కదానికీ ఆ పాత రేకు మందం లేదు.

మా రోజుల్లో అసలు తుప్పును అంతదాకా రానిచ్చేవాళ్ళం కాదు. టూ స్ట్రోక్ బండి కదా, లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిలు కలిపి పోసేవాణ్ణి. ఆ జిడ్డే రేకును కొంత కాపాడేది. మృగశిర కార్తె వస్తోందంటే ట్యాంకు నిండా పోయించేవాణ్ణి. సగం ఖాళీగా ఉంటే ఆ జాగాలో తేమగాలి చేరుతుంది. రాత్రి రేకు చల్లబడగానే అది చెమ్మగా పట్టి అడుక్కి జారుతుంది. నీళ్ళు పెట్రోలు కంటే బరువు కాబట్టి అడుగునే ఉండిపోతాయి. తుప్పు మొదలయ్యేది అక్కడే.

ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. చెరకు రైతుకు, ధాన్యం రైతుకు అది మంచిదే, దానితో నాకు పేచీ లేదు. కానీ ఇథనాల్ గాలిలో తేమను లాక్కుంటుంది. తేమ మోతాదు మించితే నీళ్ళూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. రోజూ తిరిగే బండిలో అంతవరకు రాదు. నెలల తరబడి నిలబెట్టే పాత బండికే ఆ ముప్పు. బంకులో పోసేవాడుగానీ షెడ్డులో బిగించేవాడుగానీ ఈ సంగతి చెప్పరు, అదే నా బాధ.

ట్యాంకు తుప్పు వదలగొట్టే పని నేను 1981లో విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రి దగ్గర నేర్చుకున్నాను. ట్యాంకు దింపి పెట్రోలు వంచేసి, ఒక పూటంతా ఆరుబయట మూత తీసి ఉంచేవాడాయన. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదమనీ, పేలేది లోపలి ఆవిరేననీ చెప్పి, ఆ చుట్టుపక్కల బీడీ కూడా వెలిగించనిచ్చేవాడు కాదు. తర్వాత సర్ఫు కలిపిన వేడినీళ్ళతో జిడ్డు వదలగొట్టి, పాత సైకిల్ చైను లోపల వేసేవాడు. చైను కొసకు తీగ కట్టడం మరవకూడదు, లేకపోతే అది బయటికి రాదు. రంగు చెడకుండా ట్యాంకును బొంతలో చుట్టి ఇద్దరం చెరోవైపు పట్టుకుని గంటసేపు ఊపేవాళ్ళం. పెళ్ళలు రాలేది అప్పుడే.

మిగిలిన తుప్పుకు నిమ్మ ఉప్పు. లీటరు వేడినీళ్ళకు వంద గ్రాముల చొప్పున కలిపి, కాక్ రంధ్రానికి రబ్బరు బిరడా బిగించి, మూతిదాకా నింపి రాత్రంతా ఉంచాలి. ఇప్పుడు చాలామంది బాత్రూం కడిగే యాసిడ్ పోస్తున్నారు. అది తుప్పుతో ఆగదు, రేకునూ తినేస్తుంది. బ్యాటరీ చార్జర్ తగిలించి చేసే పద్ధతి మంచిదేనని ఒప్పుకుంటాను. అయితే అందులో స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ దించేవాళ్ళను చూశాను. దాన్నుంచి విషపు క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. మామూలు ఇనుప కడ్డీయే పెట్టాలి.

పొద్దున్నే ఆ నీళ్ళు పారబోసి, వంట సోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఇక క్షణం ఆలస్యం చేయకూడదు. తడి రేకు నిమిషాల్లో మళ్ళీ ఎర్రబడుతుంది. వేడిగాలి పట్టించి పూర్తిగా ఆరాక, చల్లారనిచ్చి, ఆయిలు ఎక్కువగా కలిపిన పెట్రోలు కాస్త పోసి నలుమూలలకూ అంటేలా తిప్పాలి.

మా వాడి ట్యాంకుకు రెండు రాత్రులు పట్టింది. తుప్పు పోయాక అడుగున సూదిమొన అంత చిల్లు బయటపడింది. "గ్యాస్ వెల్డింగ్ పెట్టిస్తాను మామయ్యా" అన్నాడు. వద్దని కేకేసి, చిల్లు పైకి వచ్చేలా ట్యాంకును తిరగేసి, ఆవిరికి చోటు లేకుండా నీళ్ళు నింపించి, ఆ చోటు మాత్రం తుడిచి తగరం అతికించాను.

నిన్న ఫోన్ చేశాడు. మూడు వారాలుగా తిప్పుతున్నాడట, కాక్ విప్పి చూస్తే జాలీలో ఎర్రపొడి లేదట. ట్యాంకులో ఎంత ఉందని అడిగాను. సగం అన్నాడు. ఈ పూటే వెళ్ళి నిండా పోయించమన్నాను.